తేలిక కారునకు టైరు వెడల్పు: ఒక శతాబ్దపు తర్కము

పందెపు బాటమీద కారు నడపువారిలో మిక్కిలి ప్రబలమైన విశ్వాస మొకటి కలదు: టైరు ఎంత వెడల్పైన నేలపట్టు అంత హెచ్చునని. చూచువారికిని ఇదియే సహజముగ దోచును. ఏలయన టెలివిజనులో కనబడు గొప్ప పందెపు కార్ల వెనుక చక్రములు మూరెడు వెడల్పునకు చేరువగ నుండును. కాని ఏడెనిమిది క్వింటాళ్లకు మించని తేలిక కారు నొకదానిని కొని, సెలవు దినములందు బాటకు తీసికొనిపోవు అభిమాని ఈ విశ్వాసము ననుసరించి వెడల్పైన రిమ్ములను, వానికి తగిన టైరులను తెచ్చి బిగించినప్పుడు, ఆ కారు మునుపటికంటె మందగించి, చల్లని యుదయములందు మలుపులలో జారుచు, తిన్నని బాటలో గాలిని కోయలేక వేగము గోల్పోవుచు నుండుట తఱచుగ జరుగుచున్నది. ఇట్లేల యగునో తెలిసికొనుటకు కేవల సూత్రములకంటె ఈ టైరు వృత్తి యొక్క పూర్వచరిత్రయే మంచి మార్గమని నా అభిప్రాయము. ఆ చరిత్రలో వెడల్పు పెరిగిన ప్రతి ఘట్టమునను దానికి తోడుగ మఱియొక కారణ ముండెను; ఆ కారణము లేనిచోట వెడల్పు వ్యర్థమైన బరువుగ మిగిలెను.

గాలిటైరునకు తొలి పేటెంటు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు వాసికి లభించెను; కాని దానిని వినియోగించు వాహనమే నాటి లోకమున లేకుండుటచే అది మఱుగుపడిపోయెను. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగ నుండిన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల సైకిలుకొఱకు దానిని మరల కల్పించి 1888లో పేటెంటు పొందెను. మరుసటి యేట ఆ నగరముననే విల్లీ హ్యూమ్ అను సైకిలు పందెగాడు ఆ టైరులతో పందెములు గెలువగా, అంతవరకు నవ్వినవారు మౌనము వహించిరి. ఫ్రాన్సు దేశమున క్లెర్మాన్-ఫెరాన్ పట్టణపు మిషెలిన్ సోదరులు 1895లో పారిస్–బోర్డో–పారిస్ పందెమునందు గాలిటైరుల కారును దింపి, దారి పొడవున ట్యూబులు మార్చుకొనుచు తంటాలు పడిరి. 1906లో లె మాన్ చెంత జరిగిన మొట్టమొదటి గ్రాండ్ ప్రీ పందెమున ఫెరెంత్స్ సిస్ నడపిన రెనో కారు గెలుచుటకు, టైరుతో సహా ఊడదీసి మార్చుకొనదగిన మిషెలిన్ రిమ్ములు మిక్కిలి తోడ్పడెను. ఆ దినములలో టైరునుగూర్చిన ప్రశ్న యొక్కటే: పందెము ముగియువరకు బ్రదుకునా, బ్రదుకదా? వెడల్పునుగూర్చి విచారించు తీరిక యెవ్వరికిని లేదు. టైరులు సన్ననివి, మిక్కిలి గట్టి గాలితో నింపబడినవి. గులకరాళ్లు, గుఱ్ఱపు నాడాల మేకులు నిండిన బాటలమీద అవి పగులుటయే నిత్యకృత్యము.

వెడల్పునుగూర్చి విచారింపకుండుటకు శాస్త్రమునందును ఒక సమర్థన ముండెను. 1699లో అమాంతాన్, 1785లో కులూమ్ అను ఫ్రెంచి పండితులు, రెండు గట్టి వస్తువుల నడుమ ఘర్షణ వానిని ఒత్తు బరువును బట్టియే యుండునుగాని తాకు వైశాల్యమును బట్టి యుండదని నిర్ణయించిరి. కొయ్యకును ఇనుమునకును ఇది చక్కగ వర్తించును. పాఠ్యపుస్తకములలో చదివిన యింజనీర్లు రబ్బరునకును ఇదే వర్తించునని తలచినచో తప్పుపట్టుటకు వీలులేదు. రబ్బరు కొయ్యవంటిది కాదనియు, ఒత్తిడి హెచ్చినకొలది దాని ఘర్షణగుణకము తగ్గుచు వచ్చుననియు, కావున ఒకే బరువును ఎక్కువ రబ్బరుమీద పఱచినచో కొంత లాభము గలదనియు స్పష్టముగ గ్రహించుటకు పందెగాండ్రకు అర్ధశతాబ్దము పట్టెను.

ఈ విషయమునకు తొలి హెచ్చరిక 1934–37 నడుమ వచ్చిన 750 కిలోల నియమము. కార్లు మితిమీరిన వేగముతో పోవుచున్నవని భయపడిన నియామకులు, పందెపు కారు 750 కిలోలకు మించరాదని శాసించిరి. బరువు తగ్గినచో ఇంజను చిన్నదగును, ఇంజను చిన్నదైనచో వేగము తగ్గునని వారి యూహ. ఇంతటి అమాయకమైన యూహ పందెముల చరిత్రలో మఱియొకటి లేదేమో! జర్మను నిర్మాతలు తేలిక లోహములతో చట్రము కట్టి, మిగిలిన బరువునంతను ఇంజనులో పోసిరి. 1937 నాటికి మెర్సిడెస్ కారు అయిదువందల అశ్వశక్తిని దాటిపోయెను. ఆ 750 కిలోల తూనికలో టైరుల బరువు చేర్చరాదని నియమములోనే యుండుట గమనింపదగినది. ఐనను టైరులు ఆ శక్తికి చాలకపోయెను. 1935 జూలై 28న నూర్బుర్గ్‌రింగ్ బాటమీద జర్మను గ్రాండ్ ప్రీ తుది చుట్టులో అందఱికంటె ముందున్న మాన్‌ఫ్రేడ్ ఫాన్ బ్రౌఖిచ్ మెర్సిడెస్ వెనుక టైరు అరిగి పేలిపోవగా, శక్తియందు దానికి సాటిరాని పాత ఆల్ఫా రోమియోలో వెన్నంటివచ్చిన టాజియో నువొలారి లక్షలాది జర్మను ప్రేక్షకుల యెదుట గెలిచెను. ఆటో యూనియన్ సంస్థవారు కొండయెక్కుడు పందెములకు తమ కార్ల వెనుక ప్రక్క కొక్కటిగాక రెండేసి చక్రములు జంటగ బిగించిరి. ఒక్క టైరును వెడల్పుగ చేయు విద్య యింకను పక్వము కానందున, రెండు సన్నని టైరులతో వెడల్పును సంపాదించిరన్నమాట. అక్కడ తోడుగ నున్న కారణము ఇంజను శక్తి. శక్తి లేని కారునకు జంటచక్రములతో పనిలేదు.

యుద్ధానంతరము ఈ కథ ఇంగ్లండునకు మారినది. లండను శివారైన సర్బిటన్‌లో చార్లెస్ కూపర్, ఆయన కుమారుడు జాన్ కూపర్, అయిదువందల సీసీల మోటారుసైకిలు ఇంజనును వెనుక నుంచిన చిన్న పందెపు కార్లను నిర్మించుచు, క్రమముగ పెద్ద పందెములకు ఎగబ్రాకిరి. వారి కార్లకు శక్తి తక్కువ, బరువు అంతకంటె తక్కువ. ఈ తేలికదనము టైరు విషయమున నెట్టి వరమో లోకమునకు తెలిపినది 1958 జనవరి 19న బ్యూనస్ ఏరీస్‌లో జరిగిన అర్జెంటీనా గ్రాండ్ ప్రీ. ఆ పందెమును కొంత సావకాశముగ చెప్పవలసియున్నది.

ఆ సంవత్సరము కొత్త ఇంధన నియమము వచ్చి, మద్యసారమునకు బదులు విమానపు పెట్రోలు వాడవలసివచ్చుటచే, వాన్‌వాల్, బీఆర్ఎమ్ సంస్థల ఇంజనులు సిద్ధపడక ఆ పందెమునకు రాలేదు. బరిలో దిగినవి పది కార్లు మాత్రమే. వాన్‌వాల్ చోదకుడైన స్టిర్లింగ్ మాస్ తీరికగ నుండుటచే, రాబ్ వాకర్ అను షావుకారు తన సొంత కూపరు కారు నాయనకు ఇచ్చి పంపెను. ఆ కారు ఇంజను రెండు లీటర్లకు లోపు. దాని బరువు నాలుగువందల కిలోలకు లోపు. ఎదుట నున్న ఫెరారీలకు 2.4 లీటర్ల ఇంజను, మసెరాటిలకు 2.5 లీటర్లది; బరువునందును అవి కూపరుకంటె చాల పెద్దవి. పెద్ద కార్ల చక్రములు నడుమ నొక్క నట్టుతో బిగింపబడినవి. కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేసిన ఊడివచ్చును. కూపరు చక్రములో, బోల్టులతో బిగింపబడినవి. వానిని విప్పి మరల బిగించునంతలో పందెము చేయిదాటిపోవును. ఆ కూపరు టైరులు 80 చుట్టుల పందెమున సగము కూడ నిలువవని నిపుణుల లెక్క. కావున ఫెరారీ వారు, ఆ పిల్లకారు ఎట్లైనను ఆగవలసినదే కదా యని నిశ్చింతగ నుండిరి. వాకర్ బృందపు మెకానిక్కు ఆల్ఫ్ ఫ్రాన్సిస్ కొత్త చక్రములను పిట్టు ముందు బాహాటముగ పేర్చి ఆ నమ్మకమును బలపఱచెను.

మాస్ ఆగలేదు. తుది చుట్టులలో టైరుల పైరబ్బరు అరిగిపోయి లోని గుడ్డ దారములు తెల్లగ కనబడుచుండ, ఆయన మలుపులలో చక్రములు జారకుండ, చమురు చిందిన నున్నని జాడలను వెదకుచు, అత్యంత లాఘవముతో నడపెను. ఫెరారీలోని లూయీజి ముస్సో సత్య మెఱిగి తరుముకొని వచ్చుసరికి కాలము మించిపోయెను, మాస్ 2.7 సెకండ్ల తేడాతో గెలిచెను. ఇంజను వెనుక నున్న కారు ప్రపంచ ఛాంపియన్‌షిప్పు పందెమున గెలుచుట అదియే ప్రథమము. చరిత్రకారులు దీనిని ఇంజను స్థానముయొక్క విజయముగ వర్ణించుట పరిపాటి. నా మట్టుకు నేను దీనిని టైరు లెక్కయొక్క విజయముగ కూడ చూచుచున్నాను: సగము పందెమునకైన చాలవని నిపుణులు లెక్కవేసిన టైరులు తేలిక కారుక్రింద పూర్తి పందెము నిలిచినవి. మరుసటి పందెమైన మొనాకోలోను వాకర్ వారి కూపరే, ఈ పర్యాయము మోరీస్ ట్రాంటిన్యాన్ చేత, గెలిచెను. 1959లోను 1960లోను జాక్ బ్రాబమ్ కూపరు కారుతోనే జగద్విజేత యయ్యెను.

ఇక్కడ లెక్క యొకటి వేసి చూచుట మంచిది. టైరు నేల నంటు భాగపు వైశాల్యము, స్థూలముగ చూచినచో, దానిమీది బరువును లోపలి గాలి ఒత్తిడిచే భాగించిన వచ్చునది. చోదకునితో కూడ 600 కిలోల కారున్నదనుకొందము. ఒక్కొక్క చక్రముమీద 150 కిలోలు. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు కిలోన్నర యైనచో, నేల నంటు భాగము 100 చదరపు సెంటీమీటర్లు. టైరును వెడల్పు చేసినంతమాత్రమున ఈ నూరు నూటయేబది కాదు. పదునైదు సెంటీమీటర్ల వెడల్పున అంటు భాగము నిడివి 6.7 సెంటీమీటర్లుండగా, ఇరువది సెంటీమీటర్ల వెడల్పున నిడివి 5 సెంటీమీటర్లకు కుదించుకొనిపోవును, అంతియే. వైశాల్యము నిజముగ పెరుగవలెనన్న గాలి తగ్గింపవలెను. గాలి తగ్గించిన టైరు ప్రక్కలు ఒరిగిపోవును గనుక, ఆ ఒరుగుటను ఆపుటకు రిమ్ము వెడల్పు కావలెను. తేలిక కార్లవారు నేటికిని చదరపు అంగుళమునకు పదునెనిమిది, ఇరువది పౌనుల గాలితోనే బాటమీదకు దిగుట యిందువలననే. ఆకృతి మారుటచే లాభము లేకపోలేదు: పొట్టిగ వెడల్పుగ నున్న అంటుభాగము స్టీరింగు త్రిప్పినవెంటనే పలుకును. కాని ఆ లాభమునకు చెల్లింపవలసిన మూల్యము మూడు విధములు: చక్రము బరువెక్కును, కారునకెదురుగ గాలి కడ్డుపడు ముఖము పెరుగును, వాన కురిసినప్పుడు తేలిక బరువు వెడల్పు టైరును నీటిపొరలోనుండి నేలకు దింపజాలక కారు తేలిపోవును.

ఇవియన్నియు ఒక యెత్తు, వేడి యొక్కటి యొక యెత్తు. రబ్బరు పట్టు దాని వేడిమి ననుసరించి మారును. పందెపు రబ్బరు ఎనుబది, తొంబది డిగ్రీలకు చేరువైనప్పుడుగాని తన పూర్తి గుణమును చూపదు. ఈ సంబంధమును ప్రయోగపూర్వకముగ నిరూపించి, వేర్వేఱు వేగములయందును ఉష్ణోగ్రతలయందును రబ్బరు ఘర్షణ దాని సాగుడు స్వభావముతో ఎట్లు ముడిపడియున్నదో 1963లో ప్రకటించినవాడు గ్రోష్ అను శాస్త్రజ్ఞుడు. ఆయన పనిచేసిన పరిశోధనాలయము ఇంగ్లండులో నుండినను, దానిని పోషించిన ధనము మలయా రబ్బరు ఎగుమతులమీది సుంకమునుండి వచ్చినది. ఆ మలయా తోటలలో చెట్లకు గాటుపెట్టి పాలు తీసినవారిలో విశాఖపట్టణపు జిల్లాలనుండి కంగాణీల వెంట ఓడలెక్కి పోయిన తెలుగు కూలీలును ఉండిరని తలచినప్పుడు, ఈ విదేశీ శాస్త్రము మనకు బొత్తిగ పరాయిది కాదనిపించును. గ్రోష్ ఫలితములకు బాటమీది తాత్పర్యము స్పష్టము. టైరును వేడిచేయునది దానిమీది బరువు, జారుడు, వంపుల పని; వెడల్పు పెరిగినకొలది వేడెక్కవలసిన రబ్బరును, చల్లార్చు గాలి తగులు తలమును పెరుగును. తేలిక కారునకు వెడల్పు టైరు వేయుట పెద్ద పెనముక్రింద చిన్న దీపము పెట్టినట్లే.

1961 మొదలు 1965 వఱకు గ్రాండ్ ప్రీ కార్లకు ఇంజను లీటరున్నర, కనీసపు బరువు 450 కిలోలు. ఇంత తేలికయు ఇంత స్వల్పశక్తియు నున్న ఆ యుగమున సన్నని టైరులే రాజ్యమేలెను. అంతకు ముందేటి, అనగా 1960 నాటి లోటస్ 18 కారునకు సయితము డన్‌లప్ వారి టైరులు ముందు 5.00 అంగుళములు, వెనుక 6.50 అంగుళములు; నేటి కుటుంబపు కారు టైరులకంటె అవి సన్ననివే. లోటస్ అధిపతి కాలిన్ చాప్‌మన్ బరువును పరమశత్రువుగ భావించినవాడు; ఆయన 1962 నాటి ఎలాన్ అను వీధికారు ఏడువందల కిలోలకు లోబడి సన్నని టైరులతో మలుపులు తిరిగిన తీరును నాటి విమర్శకులు కొనియాడని దినము లేదు. జిమ్ క్లార్క్ 1963లోను 1965లోను ఛాంపియన్‌షిప్పు గెలుచుకొన్నది ఈ సన్నటైరుల కాలముననే. గెలుపుకు వెడల్పు అనివార్యమని వాదించువారు ఈ ఐదేండ్లను చదువక దాటిపోదురు.

ఆ పిమ్మట వెడల్పు వరదవలె వచ్చెను. అమెరికాలో ఫైర్‌స్టోన్, గుడ్‌ఇయర్ సంస్థల నడుమ సాగుచుండిన పోటీ ఐరోపాకు ప్రాకెను. 1965 అక్టోబరులో మెక్సికోలో రిచీ గింథర్ హోండా కారుతో గెలిచినప్పుడు గుడ్‌ఇయర్‌కు గ్రాండ్ ప్రీ లలో తొలి విజయము దక్కెను. మరుసటి యేట ఇంజను మూడు లీటర్లకు పెరిగెను. 1967 జూన్ 4న జాండ్‌ఫోర్ట్‌లో క్లార్క్ చేతులలో తొలిసారి దిగి తొలిసారియే గెలిచిన లోటస్ 49లోని కాస్‌వర్త్ ఇంజను నాలుగువందల అశ్వశక్తిని ఇచ్చుచు, కారు కనీసపు బరువు 500 కిలోలే యగుటచే, వెనుక టైరుల కొలత ప్రతి ఋతువునను పెరుగుచుండెను. 1971లో గాడులు లేని నున్నని టైరులు వచ్చెను. ఐతే ఈ పెంపునకు అసలు ద్వారము తెఱచినది శక్తి కాదు. 1968లో కార్లకు మొలచిన రెక్కలు. విమానపు రెక్కను తలక్రిందులుగ బిగించినచో గాలి కారును నేలకు అదుమును. బరువు చక్రములను ఒత్తును, కాని మలుపులో ఆ బరువునే ప్రక్కకు లాగవలసివచ్చును. రెక్క ఒత్తును, కాని దానిని లాగవలసిన పని లేదు. తేలిక కారు మొట్టమొదటిసారి వెడల్పు టైరును తగినంతగ ఒత్తి వేడిచేయగలిగినది ఈ గాలిబరువు వలననే. పందెములు చూచి వచ్చి తన రెక్కలేని చిన్న కారునకు వెడల్పు రిమ్ములు మాత్రము అతికించుకొన్న ఔత్సాహికుడు ఈ జంటలో ఒక్కదానినే తెచ్చుకొన్నవాడు. నాటినుండి నేటివఱకు జరుగుచున్న పొరపాటు, నా దృష్టిలో, ఇదియే.

వృత్తి మర్మ మెఱిగినవారు ఆనాడే దీనికి మాఱుదారి తొక్కిరి. 1967 జూలై 2న బ్రాండ్స్ హ్యాచ్ బాటమీద ఫార్ములా ఫోర్డ్ అను పందెము పుట్టెను. అభ్యాసకులకు చౌకగ కారు లభింపవలెనని, వెయ్యి పౌనుల ధరను ఉద్దేశించి, సామాన్యపు ఫోర్డు ఇంజనును, అయిదున్నర అంగుళముల ఇనుప రిమ్ములను, గాడులున్న టైరులను నిర్ణయించిరి; రెక్కలకు అందు తావు లేకపోయెను. గ్రాండ్ ప్రీ టైరులు ఏటేట ఉబ్బుచున్న కాలముననే ఈ సన్నని చక్రముల బడి వర్ధిల్లెను. 1969లో బ్రెజిలునుండి వచ్చి అందు పేరుపొందిన ఎమర్సన్ ఫిట్టిపాల్డి మూడేండ్లకే జగద్విజేత యయ్యెను. పట్టు తక్కువైనచో కారు జారుట ముందుగ, మెల్లగ, చేతికి తెలియునట్లు మొదలగును. జారుచున్న కారును అదుపున నుంచుటయే చోదకవిద్యలో సారము గనుక, పట్టు కొఱత ఆ బడిలో లోపము కాక పాఠమాయెను.

సన్నదనమును వేఱొక కోణమునుండి పరీక్షించిన సాహసి టిరెల్ సంస్థ రూపశిల్పి డెరెక్ గార్డ్‌నర్. ముందు చక్రములు కారు ముక్కు వెనుక దాగునంత చిన్నవైనచో గాలి యెదురు తగ్గునని తలచి, ఆయన 1976లో పది అంగుళముల చిన్ని చక్రములను ముందు నాలుగు నిలిపి, ఆరుచక్రముల పీ34 కారును బాటకెక్కించెను. నాలుగు చిన్న టైరులు కలిసి రెండు పెద్దవాని పని చేయునని లెక్క. ఆ యేడు జూన్ 13న స్వీడన్ దేశపు ఆండర్‌స్టోర్ప్‌లో జోడీ షెక్టర్, పాట్రిక్ దెపాయే మొదటి రెండు స్థానములు దక్కించుకొనగా, ఎగతాళి చేసినవారు విస్తుపోయిరి. కాని మరుసటి సంవత్సరము గుడ్‌ఇయర్ వారు ఒక్క బృందమునకే కావలసిన ఆ చిన్న టైరులను పెద్దవానితో సమానముగ అభివృద్ధి చేయకపోవుటచే, ముందు పట్టు వెనుకబడి, ఆ కారు కథ ముగిసెను. ఇందలి విషాదము సిద్ధాంతములో లేదు. టైరు వెడల్పును నిర్ణయించునది లెక్కలు మాత్రమే కావనియు, ఆ కొలతలో మంచి రబ్బరు చేసి యిచ్చు కర్మాగార ముండవలెననియు దీనివలన తేలినది. నేటికిని బాటకు కారు సిద్ధపఱచుకొనువాడు మొదట చూడవలసినది తనకు కావలసిన కొలతలో మేలిరకపు రబ్బరు అంగడిలో దొరకునా యన్నదే.

తరువాతి గ్రాండ్ ప్రీ చరిత్రలో వెడల్పు నియామకుల చేతిలో కళ్లెమాయెను. 1993లో వెనుక టైరుల వెడల్పు 18 అంగుళములనుండి 15కు కుదింపబడెను. 1998లో గాడులు చెక్కింపబడెను. 2009లో నున్నని టైరులు తిరిగివచ్చెను. అప్పు డొక చిత్రము జరిగినది. గాడులు పోవుటచే ముందు టైరులలో నేల నంటు రబ్బరు వెనుకవానికంటె ఎక్కువ పాళ్లలో పెరిగి, కారు సమతూకము ముందునకు ఒరిగినది. దానిని సరిచేయుటకు 2010లో ముందు టైరులను 270 మిల్లీమీటర్లనుండి 245కు తగ్గించిరి. ఒక జత టైరు వెడల్పు నిర్ణయము రెండవ జతను చూడక చేయరాదని ఇంత సూటిగ చెప్పిన ఉదాహరణ మఱియొకటి నాకు తెలియదు. 2017లో ముందు 305, వెనుక 405 మిల్లీమీటర్లకు మరల పెంచిరి. 2026కు కార్ల బరువు తగ్గింపనెంచి, ముందు 25, వెనుక 30 మిల్లీమీటర్లు మరల కోసిరి.

మన ప్రాంతమునకు ఈ పందెపు గాలి మదరాసునుండి నెల్లూరు వచ్చు బాట చెంత నున్న షోలవరము పాత విమానస్థలము మీదుగ వీచినది. యుద్ధకాలపు ఆ రన్‌వేమీద దశాబ్దములపాటు పందెములు జరిగెను; ఆ తరువాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన బాట వచ్చెను. కోయంబత్తూరు వాసి కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో రూపొందించిన ఫార్ములా మారుతి, స్వల్పశక్తియు స్వల్పభారమును గల కారుతోడనే చోదకులను తయారుచేయవచ్చునన్న ఫార్ములా ఫోర్డు మార్గమునే మన దేశమున నిలిపెను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగరు తీరమున విద్యుత్కార్ల పందెము జరిగినప్పుడు, ఎండకును వానకును ఒక్కటే యైన గాడుల టైరులతో ఆ కార్లు గోడల నడుమ తిరుగుటను భాగ్యనగర వాసులు కన్నులార చూచిరి.

వీధికిని బాటకును రెంటికిని పనికివచ్చు తేలిక కార్లలో ఈ వివేచన ఎంత సూక్ష్మముగ సాగినదో చెప్పుటకు లోటస్ ఎలీజ్ ఒక్కటి చాలును. 1996లో హెథెల్ గ్రామమున పుట్టిన ఆ కారు బరువు సుమారు 725 కిలోలు. టైరులు ముందు 185, వెనుక 205 మిల్లీమీటర్లు. మలుపు నడుమ భయపడి కాలు తీసినచో తోక తిరుగు దానిని, అనుభవము లేనివారు బాటనుండి వెనుదిరిగి పొలములలోనికి దించుట పరిపాటి యయ్యెను. కొత్త శతాబ్దపు తొలినాళ్ల రెండవ రకమునకు నిర్మాతలు ముందు టైరును 175కు సన్నగించి, వెనుకది 225కు పెంచిరి. ముందు పట్టు తగ్గుటచే కారు తోక త్రిప్పుటకు బదులు ముక్కు జాచు స్వభావము పొందెను. అది సామాన్యునకు క్షేమము. పిమ్మట అదే చట్రముమీద రెక్కతోను, మెత్తని రబ్బరుతోను, ఎక్సీజ్ అను పందెపు సోదరుని నిర్మించినప్పుడు, వెనుక 225 అట్లే యుంచి, ముందు టైరును 195 చేసిరి. ఒకే చట్రమునకు, రెక్కయు రబ్బరును మారినంతనే, సరియైన వెడల్పు మారినది. టైరు కొట్టులో నిలిచి, నా కారునకు ఎంత వెడల్పు మంచిదని యడుగువానికి సంఖ్యతో బదులు చెప్పుట ఎంత కష్టమో దీనివలన గ్రహింపవచ్చును. అనుభవజ్ఞులైన టైరు మనుష్యులు సంఖ్య చెప్పరు. కొన్ని చుట్టులు తిప్పించి, కారు ఆగినవెంటనే టైరు లోయంచున, నడుమ, వెలియంచున మూడుచోట్ల వేడిమి కొలిచి, మూడును చల్లగ నున్నచో వెడల్పు ఎక్కువయ్యెననియో రబ్బరు గట్టిదనియో చెప్పుదురు.

చాప్‌మన్ 1957లో ప్రదర్శించిన లోటస్ సెవెన్, 1973నుండి కేటర్‌హామ్ వారి చేతిలో బ్రదుకుచు, 2021లో 170 అను పేర మరల సన్నబడి వచ్చినది. 660 సీసీల సుజుకి ఇంజను, సుమారు 440 కిలోల బరువు, 155 మిల్లీమీటర్ల టైరులు. వీధికొఱకు ఎస్ అనియు, బాటకొఱకు ఆర్ అనియు దానికి రెండు రకములు. ఆర్ రకమునకు వారు గట్టి సస్పెన్షను ఇచ్చిరి, జారుడు నరికట్టు డిఫరెన్షియలు ఇచ్చిరి, పందెపు ఆసనములును నాలుగు కొసల పట్టీలును ఇచ్చిరి. టైరులు మాత్రము ఆ 155 మిల్లీమీటర్లవే.